వీసా చేతికి రాకముందే లంబసింగి, అరకు దాకా కారులో: నా అనుభవం

మా ఆవిడ నర్సు. జనవరి 8న జర్మనీలో ఉద్యోగానికి వెళ్లింది. వెళ్లేముందు, డిసెంబర్‌లో, ఇద్దరం హైదరాబాద్ నుంచి కారులో లంబసింగి, అరకు వెళ్లి వచ్చాం. ఇద్దరిలో ఒకరు దూరదేశం వెళ్లేముందు ఇలాంటి ప్రయాణం పెట్టుకోవాలనుకుంటున్న వాళ్లు మా స్నేహితుల్లోనే ఇంకొందరున్నారు. ఎక్కడ దిగారు, ఎంతయింది అని అడుగుతున్నారు. అవన్నీ చెబుతాను. అయితే ముందుగా ఒక మాట: దారిలో మేం చూసినవాటికంటే తేల్చుకున్నవే ఎక్కువ. ఆ తేల్చుకోవడంలో ఒక పెద్ద గొడవ కూడా ఉంది. అందమైన ఫొటోల కోసమే వెళ్లాలనుకునేవాళ్లు ఇది తెలుసుకుని బయలుదేరడం మంచిది.

నవంబర్ 12న తను హైదరాబాద్‌లోని వీసా దరఖాస్తు కేంద్రంలో కాగితాలు, వేలిముద్రలు ఇచ్చింది. రుసుము 75 యూరోలు, రూపాయల్లోనే కట్టించుకున్నారు. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉండిపోయింది. ఎన్నాళ్లు పడుతుందని అడిగితే కొన్ని వారాలు అన్నారు. జర్మన్ భాష బీ2 స్థాయి దాకా చదవడం, ఆసుపత్రితో ఒప్పందం, చదువు కాగితాలన్నిటికీ అనువాదాలు, ఇవన్నీ దాటి వచ్చాం కదా, ఎదురుచూపు మాకు అలవాటైపోయి ఉంటుందనుకున్నాను. ఎక్కడి అలవాటు! పొద్దున లేవగానే ఫోనులో దరఖాస్తు స్థితి చూడటం, ఏ మార్పూ లేదని నిట్టూర్చడం, మళ్లీ మధ్యాహ్నం చూడటం. నవంబర్ 30తో ఇక్కడి ఉద్యోగం మానేసింది కాబట్టి ఇంట్లో తనకు వేరే పని కూడా లేదు. డిసెంబర్ మొదటి వారంలో ఒకరోజు అల్మరా మొత్తం మూడోసారి సర్దుతూ, "ఎటైనా వెళ్దాం, లేకపోతే నేను ఈ ఇంటి గోడలు కూడా సర్దేస్తాను" అంది. నాకు 15వ తేదీ నుంచి సెలవు దొరికింది.

పాస్‌పోర్టు చేతిలో లేకుండా బయలుదేరవచ్చా అని నాకు అనుమానం. దేశంలోపల తిరగడానికి దానితో పనేముంది, లాడ్జిల్లో ఆధార్ చూపిస్తే చాలు. అసలు చిక్కు వేరే ఉంది. వీసా కేంద్రం నుంచి వచ్చే సందేశం తన ఫోనుకే వస్తుంది. మేం వెళ్లేదేమో సిగ్నల్ సరిగా అందని ఏజెన్సీ ప్రాంతానికి. దాని సంగతి తరువాత.

కారు తనది. జీతంలోంచి పోగేసి కొనుక్కుంది, నడిపేదీ తనే. నాకు లైసెన్సు ఉన్నా ఆఫీసుకు మెట్రోలో వెళ్లేవాడిని. స్టీరింగ్ పట్టడమంటే ఆదివారం కూరగాయల మార్కెట్ దాకానే. బయలుదేరే ముందు రాత్రి తను ఫోనులో ఫాస్టాగ్ వార్షిక పాస్ కొంది. అప్పుడది 3,000 రూపాయలు. ఏడాది గడిచినా, 200 సార్లు టోల్‌గేటు దాటినా, ఏది ముందైతే దానితో గడువు తీరిపోతుంది. సొంత కార్లకు, అదీ జాతీయ రహదారుల మీదే పనికొస్తుంది. "వెళ్లిపోయేదానివి, ఏడాది పాస్ ఎందుకు?" అన్నాను. "నాకు కాదు, నీకు. అప్పుడప్పుడూ వెళ్లి అమ్మానాన్నలను చూసి రా" అంది. అత్తగారిల్లు రాజమండ్రి. విహారయాత్ర అనుకున్నది కాస్తా అప్పగింతల ప్రయాణమని నాకు ఆ రాత్రే అర్థం కావలసింది. అర్థం కావడానికి ఇంకా కొన్ని వందల కిలోమీటర్లు పట్టింది.

డిసెంబర్ 15 సోమవారం తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరాం. చౌటుప్పల్ దాటేదాకా పొగమంచు. ముందు వెళ్లే లారీ ఎర్రదీపాలు తప్ప ఏమీ కనిపించలేదు. లోపలి నుంచి అద్దానికి ఆవిరి పడుతుంటే నేను గుడ్డతో తుడవబోయాను. తను నవ్వి ఏసీ వేసింది. అంత చలిలో ఏసీ ఏమిటని వణుకుతుండగానే అద్దం తేటపడింది. ఏసీ గాలిలోని తేమను లాగేస్తుందట. పొగమంచులో హెడ్‌లైటు హైబీమ్‌లో పెడితే ఆ వెలుగు మంచుకు తగిలి మన కళ్లలోకే కొడుతుంది కాబట్టి లోబీమ్‌లో ఉంచాలని కూడా అప్పుడే చెప్పింది. ఇవన్నీ ఎందుకు చెబుతోందో ఆలోచించకుండా తలూపుతూ కూర్చున్నాను.

సూర్యాపేటలో టిఫిన్. విజయవాడ, ఏలూరు దాటాక గుండుగొలను నుంచి దేవరపల్లి మీదుగా కొవ్వూరు వైపు తిరిగి, నాలుగో వంతెన మీద గోదావరి దాటేసరికి మధ్యాహ్నం రెండున్నర అయింది. ఆ రాత్రి అత్తగారింట్లో. మా ఆవిడ కారులో నన్ను నువ్వు అంటుంది, వాళ్లమ్మ ముందు మీరు అంటుంది. గుమ్మం దాటగానే మారిపోయే ఆ పిలుపు నాకెప్పుడూ సరదాగానే ఉంటుంది. ఇంట్లో ఎవరూ జర్మనీ మాట ఎత్తలేదు. మామగారు మాత్రం భోజనాల దగ్గర రెండుసార్లు, అక్కడ మంచు ఎంత పడుతుందని అడిగారు. రెండుసార్లూ ఒకే జవాబు చెప్పాను.

మర్నాడు ధనుర్మాసం మొదలు. తిరుప్పావై పాశురాలు గుడి మైకులోంచి వినిపిస్తుంటే అత్తయ్య చీకట్లోనే ముగ్గు వేస్తున్నారు. సంక్రాంతికి కూతురు ఉంటుందో ఉండదో ఆవిడకు తెలియదు, మాకూ తెలియదు. మేం బయలుదేరుతుంటే పులిహోర డబ్బాతోపాటు ఒక పాత ఉన్ని శాలువా పెట్టారు. ఆ శాలువా లేకపోతే లంబసింగిలో నా పని అయిపోయేది.

అన్నవరంలో ఆగాం. పెళ్లయిన కొత్తలో సత్యనారాయణ వ్రతం అక్కడే చేసుకున్నాం. ఈసారి కొండ ఎక్కుదామా అంటే వద్దంది. "పని పూర్తయ్యాక వస్తానని మొక్కుకున్నాను, ఇప్పుడే ఎందుకు?" రోడ్డు పక్క కౌంటర్లో ప్రసాదం పొట్లాలు కొనుక్కుని కదిలాం. తుని మీదుగా నర్సీపట్నం. అక్కడ ట్యాంకు నింపించుకోవాలి, ఏటీఎంలో డబ్బు తీసుకోవాలి. పైకి వెళ్లాక ఫోనుతో చెల్లించాలంటే సిగ్నల్ ఉండదు, టీ తాగినా నోటు ఇవ్వాల్సిందే. మేం నాలుగు వేలు తీసుకున్నాం, ఆరైతే నిశ్చింతగా ఉండేది.

నర్సీపట్నం నుంచి లంబసింగికి ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు. డౌనూరు దాటాక ఘాట్ రోడ్డు. సముద్రమట్టానికి దాదాపు 1,000 మీటర్ల ఎత్తు ఎక్కుతాం. సాయంత్రం నాలుగింటికి చేరేసరికి ఎండ ఉంది, చలి పెద్దగా లేదు. ఇంతేనా అనుకున్నాను. ఆరున్నరకు పళ్లు టకటకలాడాయి. మంగళవారం కాబట్టి టెంటు 1,800 రూపాయలకు దొరికింది. శని, ఆదివారాల్లో, అదీ సంవత్సరాంతంలో, ధర ఇంతకు ఇంత అవుతుందని టెంట్ల కుర్రాడే చెప్పాడు. చలిమంటకు కట్టెలు 300, పొద్దున బకెట్ వేడినీళ్లు 50. టెంటులో రెండు రగ్గులు ఇచ్చారు గానీ కిందనుంచి నేల చలి లాగుతుంది. దుప్పటి పైన కప్పుకోవడం కంటే కింద పరుచుకోవడం ముఖ్యం. ఈ ఒక్క విషయం ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆ రాత్రి కాస్త నిద్రపోయేవాళ్లం.

నిద్ర రాక మాట్లాడుకున్నాం. ఏవో గొప్ప మాటలు కాదు. మా అమ్మ బీపీ మాత్రలు ఎక్కడ కొంటే తగ్గింపు ఇస్తారు, అపార్ట్‌మెంట్ నిర్వహణ రుసుము ఏ తేదీలోగా కట్టాలి, పనిమనిషికి జీతం కాక పండక్కి ఏమివ్వాలి. ఇవన్నీ ఇన్నాళ్లూ తను చేసేవని నాకు తెలుసు. ఎన్ని ఉన్నాయో మాత్రం తెలియదు.

17వ తేదీ తెల్లవారుజామున నాలుగున్నరకు చెరువులవేనం కొండ మీదికి వెళ్లాం. అక్కడి నుంచి చూస్తే లోయంతా మేఘాలతో నిండి, ఆ మేఘాల మీద సూర్యుడు పైకొస్తాడని అందరూ వెళతారు. మాకు ఫోనులో ఏడు డిగ్రీలు చూపించింది, కళ్లకు ఏమీ చూపించలేదు. మేఘాలు లోయలో ఉండకుండా కొండ మీదికే వచ్చేశాయి. పక్కన నిలబడ్డవాళ్ల ముఖాలు కూడా కనిపించలేదు. ఏడున్నరదాకా నిలబడి దిగి వచ్చాం. ఒక పెట్టె స్ట్రాబెర్రీలు కొన్నాం, పుల్లగా ఉన్నాయి. తాజంగి జలాశయం దగ్గర కాసేపు కూర్చున్నాం, అది మాత్రం నిజంగా బాగుంది.

చింతపల్లి చేరగానే తన ఫోను వరుసగా మోగింది. ముందురోజు నుంచి ఆగిపోయిన సందేశాలన్నీ ఒక్కసారి వచ్చిపడ్డాయి. వాటిలో రెండు ముఖ్యమైనవి. మొదటిది వీసా కేంద్రం నుంచి: పాస్‌పోర్టు సిద్ధంగా ఉంది, వచ్చి తీసుకోవచ్చు. రెండోది జర్మనీ ఆసుపత్రి నుంచి: జనవరి 8న గానీ 22న గానీ విమానం ఎక్కాలి, ఏ తేదీయో రెండు రోజుల్లో చెప్పండి, టికెట్ మేమే పంపుతాం.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి. వీసా కేంద్రం పంపే సందేశంలో వీసా వచ్చిందో తిరస్కరించారో ఉండదు. పాస్‌పోర్టు తిరిగొచ్చిందని మాత్రమే ఉంటుంది. ఫలితం అంటించిన కవరు లోపల ఉంటుంది, విప్పేదాకా ఎవరికీ తెలియదు. అంటే వీసా వచ్చిందో లేదో తెలియకుండానే, చింతపల్లిలో ఒక టీకొట్టు బల్ల మీద కూర్చుని, ఏ రోజున విడిపోవాలో మేం నిర్ణయించుకోవాలి.

నేను 22 అన్నాను. సంక్రాంతి గడుస్తుంది, వాళ్లమ్మ సంతోషిస్తుంది, రెండు వారాలు ఎక్కువ దొరుకుతాయి. తను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా 8 అంది. ఇక్కడి నర్సింగ్ అర్హతకు అక్కడ గుర్తింపు వచ్చేదాకా సహాయక నర్సుగానే పని, జీతం కూడా దానికి తగ్గట్టే. ఆ గుర్తింపుకు ముందు చేయవలసిన శిక్షణ జనవరి 12న మొదలవుతోంది. 22న వెళితే తరువాతి బృందం కోసం ఆగాలి. లెక్క చూస్తే తన మాటే సరైనది. కానీ తను అంత వేగంగా అనడం నాకు గుచ్చుకుంది. "వెళ్లడానికి తొందరగా ఉందే" అన్నాను. తను టీ గ్లాసు కింద పెట్టి, "తొందరగా వెళ్తేనే కదా తొందరగా నిన్ను పిలిపించుకునేది" అంది. ఆ మాటలో ప్రేమ ఉందని ఇప్పుడు రాస్తుంటే కనిపిస్తోంది. అప్పుడు వినిపించింది కోపం ఒక్కటే. తరువాత అన్నవన్నీ ఇక్కడ రాయను. ఆరు నెలల కిందటి విషయాలు కూడా బయటికి వచ్చాయని చెబితే పెళ్లయినవాళ్లకు అర్థమవుతుంది.

పక్క బల్ల మీద పెద్దాయన చుట్ట తాగుతూ మొత్తం విన్నాడు. టీ డబ్బులు ఇస్తుంటే, "పాడేరు వైపు రోడ్డు పని జరుగుతోంది, నెమ్మదిగా వెళ్లండి" అన్నాడు. అంతే.

చింతపల్లి నుంచి జి.మాడుగుల వైపు మాటల్లేకుండా వెళ్లాం. రోడ్డుకు రెండువైపులా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. కాఫీ పండ్లు కోతకొచ్చే కాలం. ఆడవాళ్లు బుట్టల్లోకి ఎర్రటి పండ్లు కోస్తున్నారు, ఇళ్ల ముందు టార్పాలిన్ల మీద గింజలు ఎండబెట్టారు. ఇంకొకప్పుడైతే ఆగి ఫొటోలు తీసుకునేవాళ్లం. తను ఉన్నట్టుండి బండి పక్కకు ఆపి, ఇంజిన్ ఆపకుండానే దిగి, ఇటువైపు వచ్చి నా తలుపు తీసింది. "నువ్వు నడుపు" అంది.

ఘాట్‌లోనా అన్నాను. "రేపటి నుంచి ఇంకెవరు నడుపుతారు?"

నేను నడిపాను. పక్కనుంచి తను చెబుతూ వచ్చింది: మలుపుకు ముందే హారన్ కొట్టు, మలుపులో గేరు మార్చకు, ఎక్కే బండికి దారి ఇవ్వు, ఎదురుగా బస్సొస్తే నీ వైపు అంచు చూసుకో. మొదట్లో ఆ మాటలు కటువుగానే ఉన్నాయి. పది మలుపులు తిరిగేసరికి మామూలయ్యాయి. గేర్లు, బ్రేకులు తప్ప ఇంకేమీ మాట్లాడే వీలు లేకపోవడమే మమ్మల్ని కాపాడిందేమో. ఒక మలుపులో కారు ఆగిపోయి వెనక్కి జారబోతే నేను బెదిరిపోయాను. తను చేయి చాచి హ్యాండ్‌బ్రేక్ లాగి, "ఏం కాలేదు, ఇప్పుడు క్లచ్ నెమ్మదిగా వదులు" అంది. రోగుల దగ్గర వాడే గొంతు అది. ఇంట్లో ఎప్పుడూ విన్నది కాదు. పాడేరు చేరేలోగా 8వ తేదీ ఖాయమని ఇద్దరికీ తెలిసిపోయింది, ఎవరూ పైకి అనలేదు. అక్కడ సిగ్నల్ బాగుంది, తను జవాబు పంపేసింది.

ఆ రాత్రి, మర్నాడు అరకులో. గది రోజుకు 2,600. వలిసె పూలు అప్పటికే చివరికొచ్చాయి, అక్కడక్కడా పసుపు మడులు మిగిలాయి. గిరిజన మ్యూజియం చూశాం, బొంగు చికెన్ తిన్నాం, కాఫీ పొడి కొన్నాం. బొర్రా గుహలకు వెళ్లనే లేదు. దానికి బదులు 18వ తేదీ మధ్యాహ్నమంతా గది వరండాలో ఎండలో కూర్చుని ఒక నోటు పుస్తకం నింపాం. ఎవరైనా ఇలాంటి ప్రయాణానికి వెళితే ఒక పూట దీనికి కేటాయించుకోమని గట్టిగా చెబుతాను. ఇంట్లో ఈ పని సాగదు, ఎవరో ఒకరు తలుపు కొడతారు.

ఆ పుస్తకంలో మేం రాసుకున్నవాటిలో నాకు కొత్తగా తెలిసినవి కొన్ని. విదేశంలో ఉద్యోగానికి వెళ్లినవాళ్లు ఇక్కడి మామూలు పొదుపు ఖాతాను ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా (విదేశాల్లో ఉండే భారతీయుల ఖాతాగా) మార్చుకోవాలి, అలాగే వదిలేయకూడదు. తన పేరున ఉన్న ప్లాటు పనులు నేను చూడాలంటే అధికార పత్రం (పవర్ ఆఫ్ అటార్నీ) కావాలి. తను ఇక్కడుండగానే రాయించుకుంటే ఒక రోజు పని, వెళ్లాక అయితే అక్కడి భారత కాన్సులేట్ చుట్టూ తిరగాలి. బ్యాంకు ఓటీపీలు వచ్చే సిమ్ అక్కడా పనిచేసేలా ఉంచాలి, రీఛార్జి గడువు దాటనివ్వకూడదు. కారు ఆమె పేరునే ఉన్నా లైసెన్సున్న నేను నడిపితే ఇబ్బంది లేదు, బీమా మాత్రం గడువులోగా కట్టాలి. ఆఖరి పేజీలో తను పోపుల డబ్బాలో ఏది ఎక్కడుందో బొమ్మ గీసింది. ఆ బొమ్మ నాకెందుకని నవ్వాను గానీ ఇప్పుడు రోజూ చూస్తున్నది అదొక్కటే.

19న దిగేటప్పుడు అనంతగిరి ఘాట్ కూడా నేనే నడిపాను. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోకూడదు, రెండో గేరులో ఇంజినే బండిని పట్టి ఉంచాలి. గాలికొండ దగ్గర ఆగినప్పుడు పక్కన ఆగిన కారు చక్రాల నుంచి కాలిన వాసన వస్తుంటే తను నా వైపు చూసి కళ్లెగరేసింది. విశాఖలో సముద్రం చూద్దామని ముందు అనుకున్నది మానేశాం. ఎస్.కోట, కొత్తవలస, సబ్బవరం మీదుగా అనకాపల్లి దగ్గర హైవే ఎక్కి రాత్రికి రాజమండ్రి చేరాం. తేదీ విషయం వాళ్లమ్మకు తనే వంటింట్లో చెప్పింది. నేను మామగారితో వరండాలో కూర్చున్నాను. ఈసారి ఆయన మంచు గురించి అడగలేదు. 20న హైదరాబాద్.

మొత్తం ఖర్చు: పెట్రోలు దాదాపు 9,500, పాస్ 3,000, లంబసింగి టెంటు, కట్టెలు కలిపి 2,100, అరకు గది 5,200, తిండి, టీ, కాఫీ పొడి, స్ట్రాబెర్రీలు 4,500. ఇరవై నాలుగు వేలు దాటింది. అత్తగారింట్లో బస కాబట్టి అంతలో సరిపోయింది.

22వ తేదీ సోమవారం వీసా కేంద్రం దగ్గర గంటసేపు వరుసలో నిలబడి కవరు తీసుకున్నాం. లిఫ్టులో విప్పింది. వీసా ఉంది. లిఫ్టులో ఇంకో ఇద్దరు ఉన్నారు కాబట్టి ఏమీ మాట్లాడుకోలేదు, కారు దగ్గరికి వచ్చాక తను కాసేపు ఏడ్చింది, తరువాత ఆకలేస్తోందంది. అధికార పత్రం, బ్యాంకు పనులు డిసెంబర్ 30కల్లా పూర్తయ్యాయి. జనవరి 8 రాత్రి శంషాబాద్‌లో సామాను తూకంలో ఆవకాయ సీసా ఒకటి బయటికి తీయాల్సి వచ్చింది. అది నాకు మిగిలింది.

జనవరి 13న, పండగ రద్దీలో, ఒక్కడినే కారు తీసుకుని రాజమండ్రి వెళ్లాను. పంతంగి టోల్‌గేటు దగ్గరే ముప్పావు గంట పట్టింది. చేరేసరికి చీకటి పడింది. "మీరే నడుపుకుంటూ వచ్చారా బాబూ?" అని అత్తయ్య రెండుసార్లు అడిగారు. మామగారు ఏమీ అడగలేదు. టార్చిలైటు తెచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగి, గీతలేమీ లేవని కూతురికి ఫోను చేసి చెప్పారు.